సముద్రంలోని హూత్ ఎవరి కోసం దుఆ చేస్తుంది?

మేలును బోధించేవాని ఔన్నత్యాన్ని తెలిపే ఒక హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. ప్రజలకు మంచిని నేర్పే వ్యక్తిపై అల్లాహ్ తన కారుణ్యాన్ని కురిపిస్తాడనీ, దైవదూతలు, ఆకాశవాసులు, భూవాసులు, చివరికి పుట్టలోని చీమ, నీటిలోని చేప కూడా అతని కోసం దుఆ చేస్తాయనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. మదర్సాలో ఈ హదీసు చెప్పినప్పుడు విద్యార్థులు తరచూ ఒక ప్రశ్న వేస్తారు. బోధించేవాడు నేలమీద ఉంటాడు, చేప నీటిలో ఉంటుంది. అతని చదువుతో దానికేమి పని?

మన పూర్వ విద్వాంసులు ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పారు. ఏ ప్రాణిని పట్టవచ్చో, దేనిని పట్టరాదో, జిబహ్ చేసేటప్పుడు సైతం ఎంతటి దయ చూపాలో మనిషికి తెలియజేసేది ధార్మిక విద్యే. ఆ విద్య ఉన్నచోట మనిషి చెయ్యి హద్దులో ఉంటుంది. మనిషి చెయ్యి హద్దులో ఉంటే చీమ బతుకుతుంది, చేప బతుకుతుంది. కనుకనే ఆ విద్యను నేర్పినవాని మేలును అవి కోరుకుంటాయి.

ఈ హదీసులో చేప అని మనం చెప్పుకొనే మాటకు మూలంలో ఉన్న అరబ్బీ పదం 'హూత్'. హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం)ను మింగిన మహా మత్స్యానికి కూడా దివ్య ఖుర్ఆన్ వాడిన పదం ఇదే. నేటి అరబ్బీలో తిమింగలాన్ని హూత్ అనే పిలుస్తారు. మనిషి చెయ్యి హద్దు మీరినప్పుడు ఈ హూత్‌కు ఏమి జరిగిందో, అదే చెయ్యి హద్దులోకి వచ్చినప్పుడు ఏమి జరిగిందో రెండింటినీ ఒకే తీరంలో, ఒకే జాతి విషయంలో ప్రపంచం చూసింది. అది ఉత్తర అమెరికా ఖండపు పడమటి తీరం.

ఉద్యోగాల నిమిత్తం కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శీతకాలపు సెలవులలో అక్కడి పిల్లలు సముద్రతీరానికి వెళ్లి తిమింగలాలను చూసి, ఆ ఫోటోలను హైదరాబాదులో, గుంటూరులో, కర్నూలులో ఉన్న దాదీలకు, నానీలకు పంపుతుంటారు. నీటిపై ఒక నల్లని వీపు, గాలిలో కొంత ఆవిరి, ఆ ఫోటోలలో అంతకుమించి కనిపించదు. కానీ దాని వెనుక విశ్వాసి తెలుసుకోదగిన ఒక వృత్తాంతం ఉన్నది. ఈ నెల దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఏటా సాగే ప్రయాణం

ఆ తీరం వెంట సాగిపోయేవి బూడిదరంగు తిమింగలాలు. ఇంగ్లీషులో వీటిని గ్రే వేల్ అంటారు. పెరిగిన తిమింగలం పొడవు సుమారు 13, 14 మీటర్లు. బరువు 30 టన్నులకు పైబడి ఉంటుంది. ఇంతటి ప్రాణికి అల్లాహ్ నియమించిన ఆహారం ఏమిటో తెలుసా? సముద్రపు అడుగున బురదలో ఉండే, రొయ్యల జాతికి చెందిన, వేలి గోరంత చిన్న జీవులు. వాటిని తినడానికి ఇది ఒక పక్కకు ఒరిగి, అడుగు బురదను నోటితో పీల్చి, పళ్లకు బదులుగా ఉన్న జల్లెడ వంటి పొరలగుండా నీటిని, మట్టిని బయటకు వదిలి, మిగిలిన జీవులను మింగుతుంది. భూమిపై సంచరించే ఏ ప్రాణికైనా ఆహారమిచ్చే బాధ్యత అల్లాహ్‌దేనని సూరా హూద్ తెలియజేస్తున్నది. పర్వతమంతటి దానికి గోరంత వాటితో కడుపు నింపడం ఆయన ఏర్పాటు.

వేసవి అంతా ఇవి ఉత్తర ధ్రువానికి చేరువలోని బేరింగ్, చుక్చీ సముద్రాలలో మేస్తాయి. శరదృతువులో అక్కడ నీరు గడ్డకట్టనారంభించగానే దక్షిణానికి బయలుదేరుతాయి. అలాస్కా, కెనడా, వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా తీరాలను దాటుకుంటూ మెక్సికో దేశంలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికి చేరుకుంటాయి. వసంతంలో తిరిగి ఉత్తరానికి ప్రయాణం. రానూపోనూ మొత్తం 16,000 నుంచి 20,000 కిలోమీటర్లు. ఈ దారి పొడవునా, బాహాలో గడిపే వారాలలోనూ ఇవి దాదాపుగా ఏమీ తినవు. వేసవిలో కూడబెట్టుకున్న కొవ్వే వాటి దారిబత్తెం.

అన్నింటికంటే ముందుగా దక్షిణానికి బయలుదేరేవి నిండు చూలుతో ఉన్న ఆడ తిమింగలాలు. అన్నింటికంటే చివరగా ఉత్తరానికి తిరుగుముఖం పట్టేవి పిల్లలతో ఉన్న తల్లులు. పిల్లకు ఈదే బలం వచ్చేదాకా అవి ఆగుతాయి. ఆ తరువాత కూడా లోతు నీటి జోలికి పోకుండా ఒడ్డును అంటిపెట్టుకుని, పిల్లను తీరం వైపు ఉంచుకుని సాగుతాయి. లోతు నీటిలో ఓర్కా అనే వేట తిమింగలాలు పిల్లల కోసం కాచుకుని ఉంటాయి. ముఖ్యంగా మాంటెరే అఖాతం దాటేటప్పుడు ఏప్రిల్, మే మాసాలలో ఈ ప్రమాదం ఎక్కువ.

తల్లులు ఒడ్డుకు దగ్గరగా సాగడం వల్లనే మనిషికి ఈ దృశ్యం నేలమీద నుంచే లభిస్తున్నది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు దక్షిణానికి వెళ్లేవి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి వెళ్లేవి కనిపిస్తాయి. సాన్ డియేగో నగరంలోని పాయింట్ లోమా కొండపై ఉన్న కాబ్రియో జాతీయ స్మారకస్థలంలో 1950లో ప్రజలు తిమింగలాలను చూడటానికి ఏర్పాటు చేశారు. తొలి ఏడాదే 10,000 మంది వచ్చారు. 1955లో అదే నగరం నుంచి పడవలపై తీసుకువెళ్లి చూపించడం మొదలైంది. రుసుము ఒక డాలరు. నేడు ప్రపంచమంతటా జరుగుతున్న తిమింగలాల సందర్శనకు ఆరంభం ఇదే.

ఒడ్డున నిలిచి చూసేవారికి ముందుగా కనిపించేది తిమింగలం కాదు, దాని ఊపిరి. నీటిపైకి వచ్చి గాలి వదిలినప్పుడు మూడు నాలుగు మీటర్ల ఎత్తున ఆవిరి లేస్తుంది. ముందు నుంచో, వెనుక నుంచో చూస్తే అది రెండుగా చీలి హృదయాకారంలో ఉంటుంది. అలా కొద్ది సెకన్ల వ్యవధిలో మూడు నాలుగు సార్లు శ్వాసించి, తోక పైకెత్తి లోపలికి మునిగితే, మళ్లీ మూడు నుంచి ఐదు నిమిషాల దాకా కనిపించదు. మునిగినచోట చూపు నిలిపి ప్రయోజనం లేదు. అది సాగిపోయే దిశలో కొంత ముందుకు చూసి వేచి ఉండాలి. ఓపిక లేనివానికి సముద్రం ఏమీ చూపించదు. ఒంటెను ఎలా సృష్టించారో చూడరా అని అడిగిన గ్రంథం మనది. ఒకసారి చూసి ఊరుకోక, మళ్లీ చూపు సారించమని సూరా ముల్క్‌లో ఆదేశం ఉన్నది. అలా చూడటం కూడా విశ్వాసికి ఒక ఆరాధనే.

ప్రసూతి గదిలో రక్తపాతం

బాహా కాలిఫోర్నియా పడమటి తీరాన సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సులు కొన్ని ఉన్నాయి. మన పులికాట్ సరస్సును ఎరిగినవారు వాటి తీరును ఊహించుకోగలరు. ఓహో దె లియెబ్రే, సాన్ ఇగ్నాసియో అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అలలు లేని, లోతు తక్కువైన, వెచ్చని నీరు. తల్లి తిమింగలాలకు అదే ప్రసూతి గది. దాదాపు 13 నెలల గర్భధారణ తరువాత అక్కడ ఒకే ఒక పిల్ల పుడుతుంది. పుట్టినప్పుడే నాలుగున్నర మీటర్ల పొడవు ఉంటుంది. తల్లి పాలలో సగానికి పైగా కొవ్వే. తాను ఏమీ తినకుండా, తన ఒంటిలోని కొవ్వును కరిగించి తల్లి ఆ పాలు పడుతుంది. బలహీనత మీద బలహీనతను భరిస్తూ తల్లి బిడ్డను మోస్తుందని సూరా లుక్మాన్‌లో మానవ మాతృమూర్తి గురించి చదివినప్పుడు, ఈ మూగజీవి కూడా మా కళ్లముందు మెదులుతుంది.

1857లో చార్లెస్ స్కామన్ అనే నౌకాధిపతి తన ఓడతో ఓహో దె లియెబ్రే సరస్సులోకి ప్రవేశించాడు. ఆ కాలంలో అమెరికాలోనూ, ఐరోపాలోనూ దీపాలకు, యంత్రాలకు తిమింగలం నూనె కావలసి ఉండేది. ఇరుకైన సరస్సులో, పిల్లను విడిచి పారిపోలేని తల్లులు వేటగాళ్లకు సులువుగా చిక్కాయి. పిల్లను గాయపరిస్తే తల్లి దానిని వదిలిపోదని వారు గ్రహించారు. బిడ్డ కోసం తల్లులు తిరగబడినప్పుడు పడవలు పగిలాయి, మనుషులు గాయపడ్డారు. అప్పుడు వేటగాళ్లు ఆ జాతికి పెట్టిన పేరు 'డెవిల్ ఫిష్', అంటే షైతాన్ చేప. బిడ్డను కాపాడుకునే తల్లి షైతాన్ అయింది, ఆమె ప్రసూతి గదిలోకి చొరబడినవాడు మాత్రం వర్తకుడుగా మిగిలాడు. మనిషి తన జులుమ్‌కు గురైనవారికే చెడ్డపేరు పెట్టడం ఈనాటి అలవాటు కాదు.

రెండు మూడు దశాబ్దాలలో ఆ సరస్సులు దాదాపుగా ఖాళీ అయ్యాయి. 1874లో ప్రచురించిన తన గ్రంథంలో స్కామన్ స్వయంగా ఈ జాతి అంతరించిపోతుందేమోనని సందేహం వ్యక్తం చేశాడు. ఆ సందేహం ఊరక కలిగినది కాదు. అట్లాంటిక్ సముద్రంలో ఒకప్పుడు ఉండిన బూడిదరంగు తిమింగలాలు అంతకు ముందే, 18వ శతాబ్దం నాటికే కనుమరుగయ్యాయి.

ఇక్కడ అబూ దావూద్ గ్రంథంలోని ఒక సంఘటనను స్మరించుకుందాము. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పక్షి గూటినుంచి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు చాచి వారి తలలపై తల్లడిల్లసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల విషయంలో ఈ తల్లిని బాధపెట్టినవారెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. పిడికెడంత పక్షి దుఃఖానికి స్పందించిన ఆ కారుణ్యమూర్తి ఉమ్మత్ మనది. సరస్సులోని తల్లుల విషయంలో మన మనసు ఎటువైపు ఉండాలో వేరుగా చెప్పనవసరం లేదు.

సహాబాలు తిన్న మహా మత్స్యం

కొందరు యువకులు ఈ సందర్భంలో ఒక ఆక్షేపణ తెస్తారు. సహాబాలు కూడా తిమింగలాన్ని తిన్నారు కదా, వేటను తప్పుపట్టడం ఎందుకని. వారు ప్రస్తావించేది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ప్రామాణిక ఉల్లేఖనమే. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో 300 మంది సముద్రతీరానికి వెళ్లారు. వెంట తెచ్చుకున్న ఆహారం తరిగిపోయి, రోజుకు ఒక్కొక్కరికి ఒక ఖర్జూరం చొప్పున పంచుకోవలసి వచ్చింది. ఆకులు రాల్చుకుని తిన్నారు. అప్పుడు సముద్రం 'అంబర్' అనే మహా మత్స్యాన్ని ఒడ్డుకు చేర్చింది. దాని పక్కటెముకను నిలబెడితే ఒంటెపై కూర్చున్న మనిషి దాని కిందుగా దాటిపోయాడని హజ్రత్ జాబిర్ (రజి) తెలియజేశారు. మదీనాకు తిరిగి వచ్చి విన్నవించగా, అది అల్లాహ్ మీకోసం వెలికితీసిన ఉపాధి అని దైవప్రవక్త (స) సెలవిచ్చి, అందులో కొంత తాము కూడా ఆరగించారు.

ఈ సంఘటనను శ్రద్ధగా చదివినవారికి తేడా తెలుస్తుంది. అక్కడ ఎవరూ దానిని తరిమి చంపలేదు. సముద్రమే తెచ్చి ఇచ్చింది. తిన్నవారు ఆకలితో ఉన్నారు, నిల్వ చేసి అమ్ముకోలేదు. ఎవరి పిల్లనూ ఎర వేయలేదు. అవసరంలో ఉన్నవానికి అల్లాహ్ ఇచ్చిన ఉపాధిని స్వీకరించడం వేరు, దీపపు నూనె లాభానికి ఒక జాతి మొత్తాన్ని దాని ప్రసూతి గదిలో తుడిచిపెట్టడం వేరు. మొదటిది షుక్ర్‌కు తావిస్తుంది. రెండవది భూమిపై కల్లోలం రేపడమే. భూమిపైనున్న జంతువులు, ఎగిరే పక్షులు అన్నీ మీవంటి సముదాయాలే అని సూరా అన్ఆమ్ చెబుతున్నప్పుడు, ఒక సముదాయాన్ని సమూలంగా నశింపజేసే హక్కు ఎవరిది?

హజ్రత్ యూనుస్ (అ) వృత్తాంతాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆయన శరీరానికి గాయం చేయరాదని, ఎముక విరవరాదని అల్లాహ్ ఆ హూత్‌కు ఆజ్ఞాపించినట్లు ముఫస్సిర్లు ఉల్లేఖించారు. ఆ ప్రాణి ప్రవక్తను తన కడుపులో అమానతుగా దాచి, ఆజ్ఞ రాగానే తీరానికి చేర్చింది. నోటి ముందున్న దానిపై సైతం హూత్ హద్దు పాటించింది. తెలివినీ, షరీఅత్‌నూ పొందిన మనిషి పాటించలేకపోయాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్న తరువాత

20వ శతాబ్దంలో ఆ చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందంతో బూడిదరంగు తిమింగలాల వాణిజ్య వేటకు అడ్డుకట్ట పడింది. మెక్సికో ప్రభుత్వం 1970ల నుంచి ఆ సరస్సులను రక్షిత ప్రాంతాలుగా ప్రకటిస్తూ వచ్చింది. జాతి క్రమంగా కోలుకుంది. 1994లో అమెరికా ప్రభుత్వం ఈ తిమింగలాలను అంతరించిపోయే ప్రాణుల జాబితానుంచి తొలగించింది. తుడిచిపెట్టుకుపోయిందనుకున్న జాతి తిరిగి నిలదొక్కుకున్న అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

ఇంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి 1972లో జరిగింది. సాన్ ఇగ్నాసియో సరస్సు పక్కన నివసించే బెస్తలు అప్పటిదాకా తిమింగలాలంటే భయపడేవారు. అవి పడవలను పగలగొడతాయని తాతల నాటి మాట. వాటిని దూరంగా ఉంచడానికి పడవ అంచులను కొట్టి చప్పుడు చేసేవారు. ఫ్రాన్సిస్కో మయోరాల్ అనే జాలరి ఒకనాడు తన సహచరునితో చేపలు పడుతుండగా ఒక పెద్ద తిమింగలం పడవ పక్కనే పైకి వచ్చింది. పడవ కిందుగా అటూ ఇటూ తిరిగి, మళ్లీ వచ్చి పక్కనే నిలిచింది. భయంతో బిగుసుకుపోయిన ఆ జాలరి కొంతసేపటికి చెయ్యి చాచి మెల్లగా దానిని తాకాడు. అది కదలక నిలిచింది. ఈ వార్త ఊరూరా పాకింది. ఆనాటినుంచి ఆ సరస్సులో కొన్ని తల్లి తిమింగలాలు తమంతట తాముగా పడవల దగ్గరికి వస్తున్నాయి, తమ పిల్లలను కూడా వెంట తెస్తున్నాయి. మయోరాల్ 2013లో మరణించేదాకా ఆ సరస్సు రక్షణకు పాటుపడ్డాడు.

ఎందుకు వస్తున్నాయన్న దానికి శాస్త్రవేత్తలు కుతూహలమనీ, ఇంజను ధ్వనికి ఆకర్షణ అనీ, ఒళ్లు రుద్దుకునే సుఖమనీ రకరకాలుగా చెబుతారు. మేము ఒక్కటే అంటాము. ఒకనాడు పిల్లను గాయపరచి తల్లిని చంపిన నీళ్లలోనే నేడు తల్లి తన పిల్లను మనిషి చేతికి అందేంత దగ్గరగా తెస్తున్నదంటే, ఆ మార్పు తిమింగలం వల్ల వచ్చినది కాదు. అది మొదటినుంచీ తల్లే. మారినది మనిషి చెయ్యి.

చెయ్యి మారడమంటే లాభాన్ని వదులుకోవడం కూడా. 1990లలో సాన్ ఇగ్నాసియో సరస్సు ఒడ్డున భారీ ఉప్పు కర్మాగారం నెలకొల్పాలని పథకం వేశారు. ఆ ప్రాంతం అప్పటికే, 1993లో, ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొంది ఉన్నది. జాలరులు, ప్రజలు వ్యతిరేకించారు. 2000 సంవత్సరం మార్చిలో మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్టో జెదియో ఆ పథకాన్ని విరమింపజేశారు. నేడు ఆ జాలరులే శీతకాలంలో సందర్శకులను పడవలలో తీసుకువెళ్లి జీవనోపాధి పొందుతున్నారు. చంపితే ఒక్కసారే దొరికే సొమ్ము, బతకనిస్తే ఏటేటా ఉపాధి అయింది. బర్కత్ అనే మాటకు పిల్లలు అర్థం అడిగితే ఈ ఉదాహరణ చెప్పవచ్చు.

చూడటానికి కూడా అదబ్ ఉన్నది

అయితే చూడటం సైతం హద్దు మీరవచ్చు. అమెరికా తీరంలో పడవలు తిమింగలానికి కనీసం 100 గజాల దూరంలో ఉండాలని సూచిస్తారు. తల్లికీ పిల్లకూ మధ్యకు పడవను పోనివ్వరాదు. వెంట తరమరాదు. ఎదురుగా వెళ్లి దారి అడ్డగించరాదు. సాన్ ఇగ్నాసియోలో ఒకే సమయంలో నీటిపై ఉండే పడవల సంఖ్యకు కూడా పరిమితి పెట్టారు. అక్కడి పడవవాళ్లు ఇంజను నెమ్మదింపజేసి వేచి ఉంటారు. రావాలో వద్దో తిమింగలమే నిర్ణయించుకుంటుంది.

ఇది వింటే సూరా నూర్‌లోని ఆదేశం గుర్తుకు రాదా? ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొందకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించవద్దని, తిరిగి వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాలని మనకు నేర్పిన అదబ్ అది. ఆ సరస్సు తిమింగలపు ఇల్లు. తలుపు దగ్గర ఆగడం మన ధర్మం.

అక్కడ నివసించే మన సోదర సోదరీమణులకు కొన్ని మాటలు. పడవ ప్రయాణం మూడు నాలుగు గంటలు సాగవచ్చు కనుక నమాజు వేళలను ముందుగా చూసుకోండి. పసిపిల్లలతో పడవ ఎక్కడం కష్టమనుకుంటే ఒడ్డునుంచి చూడటమే మేలు, ఖర్చు కూడా ఉండదు. ఫోటో కోసం పడవను ఇంకా దగ్గరకు పోనిమ్మని నడిపేవానిని తొందరపెట్టవద్దు. ఫోన్‌ను కొంతసేపు జేబులో ఉంచి, పిల్లల చేత సుబ్‌హానల్లాహ్ పలికించండి. ఆ ప్రాణి కూడా తనదైన రీతిలో తస్బీహ్ చేస్తున్నదని, దానిని గ్రహించే శక్తి మనకు లేదని వారికి చెప్పండి. తమాషా చూసి వచ్చినవాడు ఎంత ఖర్చయిందో చెబుతాడు. తదబ్బుర్‌తో చూసి వచ్చినవాడు అల్లాహ్ గొప్పతనాన్ని చెబుతాడు.

కనిపించని చెయ్యి

ఈ వృత్తాంతం ఇక్కడితో సుఖాంతమై ఉంటే ఎంతో బాగుండేది. 2016 ప్రాంతంలో సుమారు 27,000గా ఉన్న ఈ తిమింగలాల సంఖ్య ఆ తరువాత పడిపోవడం మొదలైంది. 2018 చివరి నుంచి 2023 వరకు అమెరికా, కెనడా, మెక్సికో తీరాలకు 690 మృతదేహాలు కొట్టుకువచ్చాయి. ఎన్నో శరీరాలు ఎముకల గూళ్లలా చిక్కి ఉన్నాయి. 2025 నాటి అంచనా ప్రకారం మిగిలినవి దాదాపు 13,000. మధ్య కాలిఫోర్నియాలోని పియెద్రాస్ బ్లాంకాస్ అనే చోట 1994 నుంచి ప్రతి వసంతంలోనూ తల్లీపిల్లల జంటలను లెక్కిస్తున్నారు. 2025లో ఉత్తరానికి వెళ్లిన పిల్లలు సుమారు 85 మాత్రమేనని అంచనా వేశారు. ఆ లెక్కింపు మొదలైన నాటినుంచి ఇంత తక్కువ ఎన్నడూ లేదు.

ఈసారి ఈటె విసిరినవారు లేరు. ఉత్తర సముద్రాలలో పరిస్థితులు మారి, వేసవి మేత తగ్గిందని, దారిబత్తెం చాలని తల్లులు కడుపు నిలుపుకోలేకపోతున్నాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. భూతాపం వల్ల ధ్రువప్రాంతపు మంచు కరిగిపోతున్నది. ఆ భూతాపానికి కారణం మానవజాతి తగులబెడుతున్న బొగ్గు, చమురు. ప్రజల చేతులు సంపాదించిన దాని ఫలితంగా నేలపైన, సముద్రంలో కల్లోలం వ్యాపించిందని సూరా రూమ్ హెచ్చరిస్తున్నది. స్కామన్ చెయ్యి కంటికి కనిపించేది, కాబట్టి దానిని ఆపగలిగారు. ఈ చెయ్యి కోట్లాది ఇళ్లలో ఉన్నది. అవసరం లేకున్నా వెలిగే దీపంలో, పెళ్లి విందులో పారబోసే బిర్యానీలో, అక్కరలేని కొనుగోళ్లలో ఉన్నది. ఇస్రాఫ్ అంటే సొంత సొమ్మును పాడుచేసుకోవడం మాత్రమేనని మనం అనుకుంటున్నాము. దాని భారం ఎక్కడో సముద్రంలోని తల్లి ప్రాణి కూడా మోస్తున్నది.

మన వాకిట్లో

తిమింగలాలు అమెరికా సొత్తు కావు. మస్కట్‌లో, సలాలాలో పనిచేస్తున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఒమాన్ తీరపు నీళ్లలో ఉండే హంప్‌బ్యాక్ తిమింగలాలు, ఇతర సముద్రాలలోని తమ జాతివాటిలా ధ్రువాలకు వలస పోక, ఏడాది పొడవునా అరేబియా సముద్రంలోనే ఉంటాయి. వాటి సంఖ్య వందకు లోపేనని అంచనా. చేపల వలలు, ఓడలు వాటికి ముఖ్యమైన ప్రమాదాలు.

ఇక మన ఆంధ్ర తీరానికి ఏటా వచ్చే వలస అతిథి వేరొకటి ఉన్నది. బూడిదరంగు తిమింగలాలు బాహా సరస్సులలో ప్రసవించే శీతకాలపు నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరపు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఎన్నోచోట్ల ఆ తల్లులు రాత్రివేళ ఒడ్డెక్కుతాయి. మరబోట్ల వలలలో చిక్కి ఊపిరాడక ఎన్నో చనిపోయి తీరానికి చేరుతాయి. కొన్నిచోట్ల అటవీశాఖవారు, మత్స్యకార యువకులు ఆ గుడ్లను కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. తీరప్రాంతపు మన మస్జిదులలో జుమా ప్రసంగంలో ఒక్కసారి ఈ విషయం చెబితే, ఆ బోధకునికి సముద్రంలోని ప్రాణుల దుఆ దక్కదా?

మన ఇళ్లలో అత్తరుతో పాటు వినిపించే 'అంబర్' గురించి కూడా ఒక మాట. అది స్పెర్మ్ తిమింగలం పేగులలో తయారయ్యే పదార్థం. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని అమ్మడం, కొనడం నేరం. అసలు అంబర్ అని ఎవరైనా రహస్యంగా తెచ్చి చూపితే మోసమైనా అయి ఉంటుంది, నేరమైనా అయి ఉంటుంది. రెండింటికీ దూరంగా ఉండండి.

ప్రియ పాఠకులారా! ఈ నెల మీ ఇంట్లో ఒక పూట పిల్లలను కూర్చోబెట్టి, హజ్రత్ యూనుస్ (అ) వృత్తాంతంతో పాటు ఈ తల్లి తిమింగలం వృత్తాంతం కూడా చెప్పండి. పక్షి పిల్లలను తిరిగి ఇప్పించిన ప్రవక్త (స) కారుణ్యాన్ని చెప్పండి. ఆ తరువాత ఇంట్లో వృథా అవుతున్న దానిని ఒక్కటి వారి చేతనే గుర్తింపజేసి, ఆ రోజునుంచే మానిపించండి. బోధించడానికి మదర్సా, మింబర్ ఉండనవసరం లేదు. తన బిడ్డకు దయను నేర్పిన ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఆ హదీసులోని బోధకులే.

అల్లాహ్ మన చేతులను హద్దులో ఉంచుగాక! తన సృష్టిని చూసి గుణపాఠం గ్రహించే కళ్లను మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.